పార్సిల్ హబ్‌లో మెయింటెనెన్స్ ఉద్యోగం: బెల్టు నడపడం కన్నా ముందు ఆపడం నేర్చుకోండి

మీరు అడిగింది ఇదీ: ఎలక్ట్రికల్ డిప్లొమా అయింది, హైదరాబాద్ శివార్లలో ఒక పార్సిల్ హబ్ నుంచి మెయింటెనెన్స్ టెక్నీషియన్‌గా పిలుపు వచ్చింది. సార్టింగ్ మెషీన్ ఎలా పనిచేస్తుంది, పనిలో ప్రమాదం ఎంత, వెళ్లేముందు ఏం చదువుకోవాలి?

నేనూ టెక్నీషియన్‌గా చేరినవాణ్ణే, ఇప్పుడు అలాంటి హబ్‌లోనే షిఫ్టు చూస్తున్నాను. కంపెనీ పేరు అనవసరం.

మొదట సార్టర్ సంగతి, అంటే పార్సిళ్లని వెళ్లాల్సిన చోటుని బట్టి వేరుచేసే యంత్రం. పెద్ద హబ్బుల్లో ఎక్కువగా ఉండేది క్రాస్ బెల్ట్ సార్టర్. చుట్టు తిరిగి మళ్లీ మొదటికొచ్చే ట్రాక్, దాని మీద రైలు పెట్టెల్లా ఒకదానికొకటి తగిలించిన చిన్న బండ్లు, ప్రతి బండి మీదా అడ్డంగా ఒక పొట్టి బెల్టు. ట్రాక్ కింది లీనియర్ మోటార్లు ఆ బండ్లని సెకనుకి సుమారు 2 మీటర్ల వేగంతో తోస్తూ ఉంటాయి. ఇండక్షన్ దగ్గర, అంటే సార్టర్‌కి ఎక్కించే చోట, కుర్రాళ్లు పార్సిల్ పెడతారు. అక్కడి చిన్న బెల్టులు వేగం పెంచుకుంటూ, తగ్గించుకుంటూ దాన్ని ఖాళీ బండి నడిమధ్యన దింపుతాయి. అక్కడి నుంచి కెమెరాల గూడులోకి వెళ్తుంది. బార్‌కోడ్ దొరికితే ఏ చూట్‌లో (పార్సిల్ కిందికి జారే దారి) పడాలో కంట్రోలర్‌కి తెలిసిపోతుంది. ఆ చూట్ ఎదురుగా రాగానే బండి మీది పొట్టి బెల్టు చటుక్కున పక్కకి తిరిగి పార్సిల్‌ని దింపేస్తుంది.

చూడటానికి మతిపోతుంది గానీ లెక్క చిన్నదే. సెకనుకి 2 మీటర్లంటే, పదోవంతు సెకను తేడా వస్తే పార్సిల్ 20 సెంటీమీటర్లు అటో ఇటో పడుతుంది, అంటే చూట్ గోడకి కొట్టుకుంటుంది. ఏ బండి ఎక్కడుందో చెప్పే ఎన్‌కోడర్ మీద మీకు భక్తి ఉండాలనేది అందుకే.

మీ రోజులో సగం మాత్రం ఇంత గొప్ప విషయాలతో గడవదు, ‘నో రీడ్’లతో గడుస్తుంది. కెమెరా చదవలేని పార్సిల్ ఇంకో చుట్టు తిరిగి, అప్పుడూ చదవకపోతే రిజెక్ట్ చూట్‌లో పడుతుంది. ఎందుకు చదవదు? లేబుల్ మీద మెరిసే టేపు అతికించి ఉంటారు, లైటు తిరిగి కెమెరా కంట్లోకే కొడుతుంది. లేదా లేబుల్‌ని అట్టపెట్టె అంచు మీద మడిచి అంటించి ఉంటారు, సగం గీతలు ఒక వైపు, సగం ఇంకో వైపు. చీరల ప్లాస్టిక్ కవర్లు మరీ ఘోరం, ముడత పడిందంటే గీతలన్నీ కలిసిపోతాయి. ఇక ఎండాకాలం ఆవకాయ సీజన్ వస్తుంది. మూత సరిగ్గా బిగించని ఒక్క డబ్బా చాలు. నూనె కారి బండి బెల్టుకి అంటుకుంటే తర్వాత ఆ బండి ఎక్కిన పార్సిళ్లన్నీ జారుతుంటాయి. ఏ బండో పట్టుకోవాలంటే తప్పు చూట్లలో పడ్డవాటి రిపోర్టు తీసి బండి నంబరు చూడాలి. అన్నీ ఒకే నంబరు మీద ఉంటే మోటారు విప్పకండి, ముందు బెల్టు తుడవండి.

రిజెక్ట్ చూట్ దగ్గర మనిషి కూర్చుని చిరునామా చదివి పిన్‌కోడ్ కొడతాడు. మొదటి అంకె 5 అయితే తెలుగు రాష్ట్రాలో కర్ణాటకో అని మనకి కళ్లు మూసుకున్నా తెలిసే ఈ పద్ధతి 1972 ఆగస్టు 15న మొదలైంది, కేంద్ర కమ్యూనికేషన్ల శాఖ అధికారి శ్రీరామ్ భికాజీ వేలాంకర్ పుణ్యమా అని. మనిషి చదివి మీట నొక్కితే యంత్రం అరలో వేసే ఏర్పాటు దానికన్నా పాతది. హాలండ్ వాళ్ల ట్రాన్సార్మా అనే ఉత్తరాల యంత్రం 1930ల్లోనే ఈ పని చేసింది, 1935లో ఇంగ్లండ్‌లోని బ్రైటన్‌లో కూడా పెట్టారు. ఇన్ని కెమెరాలొచ్చినా ఆ కుర్చీ మాత్రం ఇంకా ఖాళీ కాలేదు.

ఇక ప్రమాదాల మాట. నా ఉద్దేశంలో ఇది జాగ్రత్తగా ఉంటే ప్రమాదం లేని పనే, కానీ ఆ జాగ్రత్త మనుషుల మీద వదిలేస్తే సరిపోదు, యంత్రంలోనే ఉండాలి. ఆ యంత్రం ఎలా ఆగుతుందో మీకు తెలిసి ఉండాలి.

కన్వేయర్ పక్కన ఎర్ర తాడు కనిపిస్తుంది, రోప్ పుల్ స్విచ్. లాగితే ఆగుతుందని అందరికీ తెలుసు. వైరింగ్ డ్రాయింగ్ తెరిచి చూస్తే అసలు విషయం అర్థమవుతుంది. ఆ స్విచ్ మామూలుగా మూసి ఉండే కాంటాక్ట్. అందులోంచి ఎప్పుడూ కరెంటు పారుతూనే ఉంటుంది, పారినంతసేపే బెల్టు నడుస్తుంది. తాడు లాగినా, వైరు తెగినా, ఎలక కొరికినా, కనెక్టర్ ఊడినా ఫలితం ఒకటే, బెల్టు ఆగిపోతుంది. దీన్నే తిరగేసి, లాగినప్పుడు కరెంటు వెళ్లేట్టు కట్టి ఉంటే, వైరు తెగిన సంగతి చెయ్యి ఇరుక్కున్న రోజున గానీ తెలియదు.

ఈ ఆలోచన రైళ్ల నుంచి వచ్చింది. 1869లో జార్జ్ వెస్టింగ్‌హౌస్ చేసిన మొదటి ఎయిర్ బ్రేకులో ఇంజను నుంచి పైపులోకి గాలి పంపితే బ్రేకు పడేది. పైపు తెగితే బ్రేకు లేనట్టే. 1872లో ఆయనే దాన్ని తిరగేశాడు. ప్రతి పెట్టెకీ ఒక గాలి ట్యాంకు పెట్టి, పైపులో ఒత్తిడి ఉన్నంతసేపు బ్రేకు వదిలి ఉండేట్టు, ఒత్తిడి పడిపోతే ఆ ట్యాంకులోని గాలితో బ్రేకు పట్టేట్టు చేశాడు. మనం రైల్లో చైన్ లాగినప్పుడు జరిగేది ఇదే, బ్రేకు పైపులోని గాలి బయటికి పోతుంది. తర్వాత రైల్వే సిబ్బంది ఎవరో ఒకరు ఆ పెట్టె దగ్గరికే వెళ్లి వాల్వు సరిచేస్తే గానీ బండి కదలదు. మన రోప్ స్విచ్ కూడా అంతే. లాగిన చోటే రీసెట్ చెయ్యాలి, ఆ తర్వాత ప్యానెల్ దగ్గర విడిగా స్టార్ట్ నొక్కాలి. రీసెట్ చేయగానే దానంతటదే నడిచే బెల్టు ఎక్కడైనా కనిపిస్తే ముందు దాన్ని ఆపించి, తర్వాత మిగతా పని చూడండి.

నేను ఇంతకుముందు పనిచేసిన ఒక చోట గార్డు తలుపు తీస్తే బెల్టు ఆగకుండా సెన్సార్‌కి అయస్కాంతం కట్టేశారు. పండగ సీజన్, టార్గెట్ల టెన్షన్. ఒక కుర్రాడు నడుస్తున్న బెల్టు మీద ఇరుక్కున్న కవరు లాగబోతే, బెల్టూ రోలరూ కలిసే సందులోకి గ్లౌజు వెళ్లిపోయింది. పక్కనున్నవాడు తాడు లాగాడు కాబట్టి వేలికి కుట్లతో పోయింది. మర్నాడు అయస్కాంతం తీశారు, వారానికి మళ్లీ కట్టారు. అలాంటి చోట ఉద్యోగం ఎక్కువ కాలం చెయ్యకండి, ఇంకేం చెప్పను.

చాలామంది బెల్టుకి భయపడతారు గానీ నన్నడిగితే డాక్ (లారీలు ఆనుకుని సరుకు ఎక్కించే, దించే చోటు) దగ్గర లారీయే ఎక్కువ భయం. లారీల వెనక చక్రాల దగ్గర డబ్బాల్లా ఉండే బ్రేక్ ఛాంబర్లు చూసే ఉంటారు. వాటిలో బలమైన స్ప్రింగు ఉంటుంది, పార్కింగ్ బ్రేకు వేసేది ఆ స్ప్రింగే, గాలి దాన్ని వెనక్కి నొక్కి బ్రేకు వదిలిస్తుంది. పొద్దున్నే డ్రైవర్ స్టార్ట్ చేసి గాలి ఎక్కేదాకా ఆగేది అందుకే, ఒత్తిడి చాలకపోతే బండి కదలదు. ఇదీ వెస్టింగ్‌హౌస్ దారే. ఒక మాట, ఎవరైనా సరదాకి ఆ ఛాంబర్ విప్పి చూద్దామంటే దగ్గరికి కూడా పోకండి. స్ప్రింగు ఎగిరి తగిలి ప్రాణాలు పోయిన మెకానిక్‌లు ఉన్నారు. చిన్న ట్రాలీ ఆటోలకి ఈ సదుపాయం ఉండదు, వాటిది కేబుల్ హ్యాండ్ బ్రేకు, చక్రం కింద దిమ్మ పెట్టాల్సిందే.

దిమ్మ అన్నాను, రాయి అనలేదు. 1889 జూన్ 12న ఐర్లండ్‌లోని ఆర్మా దగ్గర విహారయాత్ర రైలు ఒకటి ఎత్తు ఎక్కలేకపోతే వెనక పెట్టెలు విడదీశారు. ఆ రైలు వాక్యూం బ్రేకు పాత రకం, విడిపోయిన పెట్టెలకి పనిచెయ్యదు. వెనక చివరి పెట్టెలో ఒక చేతి బ్రేకు, చక్రాల కింద రాళ్లు, అంతే. ముందు భాగం కొద్దిగా వెనక్కి వచ్చి తగిలేసరికి రాళ్లు నలిగిపోయాయి, పెట్టెలు వాలులో జారి వెనక వస్తున్న రైలుని గుద్దాయి. 80 మంది పోయారు, వాళ్లలో పిల్లలూ ఉన్నారు. అదే ఏడాది బ్రిటన్‌లో ప్రయాణికుల రైళ్లకి తనంతట పడే బ్రేకు తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది. ఇంత జరిగాక కూడా మన డాకుల్లో గ్రానైట్ ముక్కలు కనిపిస్తుంటాయి.

ఎంత మంచి బ్రేకున్నా, లోడింగ్ కుర్రాడు లోపల ఉండగానే డ్రైవర్ బండి తీసేస్తే ఏం చేస్తుంది? ఎర్ర పచ్చ లైట్లు, లారీని పట్టి ఉంచే కొక్కేలు పెద్ద చోట్ల ఉంటాయి. మా దగ్గర బాగా పనిచేసింది మాత్రం గోడకి కొట్టిన మేకుల చెక్క. డాక్‌కి ఆనుకోగానే తాళం చెవి దానికి తగిలించాలి, లోడింగ్ అయ్యి షట్టర్ దించాకే ఇస్తారు. డ్రైవర్లు మొదట్లో గొణిగారు, ఏసీ వేసుకుని పడుకోవడం కుదరదని. తర్వాత అలవాటైపోయింది.

ఏం చదవాలి అన్నారు. పీఎల్‌సీ (యంత్రాన్ని నడిపించే కంట్రోలర్) కోర్సుకి డబ్బు కట్టే తొందర వద్దు, చేరాక అక్కడున్న బ్రాండే నేర్చుకోవాల్సి వస్తుంది. కాంటాక్టర్, ఓవర్‌లోడ్ రిలే, సేఫ్టీ రిలే ఉన్న డ్రాయింగ్ చూసి కరెంటు ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్తుందో వేలు పెట్టి చెప్పగలిగితే చాలు. ఫోటో సెన్సార్, ప్రాక్సిమిటీ సెన్సార్ తేడా, వీఎఫ్‌డీలో (మోటారు వేగం మార్చే పరికరం) ఫాల్ట్ కోడ్ చూడటం కూడా వస్తే ఇంటర్వ్యూలో మిగతావాళ్ల కన్నా ముందుంటారు. మల్టీమీటర్‌తో పాటు సొంత తాళం ఒకటి కొనుక్కోండి. ప్యానెల్ ఆపి పని చేసేటప్పుడు మెయిన్ స్విచ్‌కి వెయ్యాలి, దాని తాళం చెవి మీ జేబులోనే ఉండాలి. మెడలో ఐడీ కార్డు తాడు వద్దు, క్లిప్పు పెట్టుకోండి. జీతం గురించి అడగలేదు కానీ, నైట్ షిఫ్ట్ అలవెన్స్ విడిగా ఇస్తారో లేదో ఆఫర్ లెటర్ తీసుకునే ముందే అడగండి, పని నడిచేది ఎక్కువగా రాత్రిళ్లే.