కంపెనీలకు మనుషులు చాలట్లేదు, మా వాడికి ఉద్యోగం లేదు: ఏది నిజం?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా నరసన్నపేట దగ్గర పల్లె. మా అబ్బాయి మెకానికల్ బీటెక్ పూర్తిచేసి రెండేళ్లయింది. గ్రూప్-2కి చదువుతున్నానంటాడు. ఊళ్లో అలాంటి పిల్లలు చాలామందే ఉన్నారు. మరోపక్క ఉడుపులకు కూలీలు దొరకరు, తాపీ మేస్త్రీ పిలిస్తే రాడు, పైడిభీమవరం కంపెనీలకు మనుషులు చాలట్లేదంటారు. నిరుద్యోగం నిజమా, మనుషుల కొరత నిజమా? వాణ్ణి ఏదో ఒక కంపెనీలో చేర్చేయమంటారా?

జవాబు: రెండూ నిజమేనండి. ఒకే జిల్లాలో, ఒక్కోసారి ఒకే వీధిలో రెండూ ఉంటాయి. ఖాళీలు ఇన్ని, ఖాళీగా ఉన్న పిల్లలు ఇంతమంది అని పక్కపక్కన పెట్టి తీసివేత చేస్తే లెక్క తేలదు. వచ్చిన పని, ఉన్న ఊరు, ఇచ్చే జీతం మూడూ కుదిరితేనే మనిషి పనిలో చేరతాడు. ఉద్యోగాలు, మనుషులు ఒకరినొకరు వెతుక్కోవడంలో ఉన్న ఈ చిక్కుల మీద పనిచేసినందుకే 2010లో డైమండ్, మోర్టెన్సన్, పిస్సారిడెస్‌లకు ఆర్థికశాస్త్రంలో నోబెల్ ఇచ్చారు.

కొరత అని ఎవరన్నా, ఎంత ఇస్తామంటున్నారని నేను ముందు అడుగుతాను. ఉడుపుల సంగతే చూడండి. మన వాళ్లు చెన్నై, హైదరాబాద్‌లలో బిల్డింగ్ పనులకు, మత్స్యకారులైతే గుజరాత్‌లోని వెరావల్ దాకా వెళ్తున్నారు. అక్కడ నెలల తరబడి పని దొరుకుతుంది. ఇక్కడ ఉడుపులు, కోతలు కలిపినా కొన్ని వారాలే. వాళ్లను ఆపేంత కూలి ఇవ్వాలంటే రైతుకు గిట్టదు. ఈ కొరత చూసి మీ అబ్బాయి గురించి ఏ నిర్ణయానికీ రాకండి.

మేస్త్రీ విషయం వేరు. అక్కడ కూలి బాగానే పెరిగింది, అయినా మనిషి దొరకడు. చేయి తిరగాలంటే ఏళ్లు పడుతుంది, నేర్చుకోవడానికి కొత్తవాళ్లు రావట్లేదు. మేస్త్రీ కొడుకు కూడా బీటెక్కే చదువుతున్నాడు కదా!

ఇక పైడిభీమవరం. అక్కడి మందుల కంపెనీల్లో కాంట్రాక్టర్ కింద షిఫ్టుల్లో చేసే హెల్పర్ పనులు ఒక రకం. వాటికి మనుషులు తరచూ మారిపోతుంటారు, అందుకే ఎప్పుడూ ఖాళీలే. భయపడి మీ అబ్బాయిని అందులో చేర్చకండి, అక్కడ మెకానికల్ చదువుకు పనిలేదు. కానీ అవే కంపెనీల్లో ఆవిరి పుట్టించే బాయిలర్లు, చల్లబరిచే చిల్లర్లు, పంపులు ఆగకుండా నడిపే మెయింటెనెన్స్ విభాగం ఉంటుంది. అక్కడ డిగ్రీ ఒక్కటే చాలదు, మిషన్ ముట్టుకున్నవాడు కావాలి. తగిన అనుభవం వచ్చాక బాయిలర్ ఆపరేషన్ ఇంజినీర్ పరీక్ష రాయొచ్చు. ఆ సర్టిఫికెట్ ఉన్నవాళ్ల అవసరం మందుల కంపెనీలకే కాదు, బాయిలర్ ఉన్న ఏ ఫ్యాక్టరీకైనా ఉంటుంది. మీ వాడి చదువుకు నిజంగా దగ్గరగా ఉన్న కొరత ఇదే. మొదటి మెట్టుగా కేంద్ర ప్రభుత్వ అప్రెంటిస్ శిక్షణ పథకం ఎన్‌ఏటీఎస్ పోర్టల్‌లో గ్రాడ్యుయేట్ అప్రెంటిస్‌గా, అంటే స్టైపెండ్ తీసుకుంటూ కంపెనీలో పని నేర్చుకునేవాడిగా, పేరు నమోదు చేయించండి. స్టైపెండ్ తక్కువే, చుట్టాలు ఏదో అంటారు, అననివ్వండి.

భోగాపురం ఎయిర్‌పోర్టు గురించి కూడా చాలామంది అడుగుతున్నారు. కట్టేటప్పుడు కావలసిన మనుషులు వేరు, నడిపేటప్పుడు కావలసినవాళ్లు వేరు. ఏసీ ప్లాంటు, లిఫ్టులు, కరెంటు సామగ్రి చూసే పనులు మాత్రం నడిచినన్నాళ్లూ ఉంటాయి.

నిరుద్యోగం 3.2 శాతమే అని ఎవరైనా చెబితే టెన్షన్ పడకండి, సంబరపడకండి కూడా. ఉపాధి, నిరుద్యోగాలపై కేంద్ర ప్రభుత్వం చేసే పీఎల్ఎఫ్ఎస్ సర్వేలో 2023-24కి దేశం మొత్తం మీద వచ్చిన అంకె అది. అదే సర్వేలో 15-29 ఏళ్ల వాళ్లలో 10.2 శాతం. పైగా ఆ లెక్క తీరు వేరు. ఏడాదిలో ముప్పై రోజులో, ఆపైనో జీతం లేకుండా మీ పొలంలో సాయం చేసినా మీ అబ్బాయి పని ఉన్నవాడే. ఏ పనీ చేయకుండా, వెతక్కుండా, వస్తే చేరడానికీ సిద్ధంగా లేకుండా పరీక్షకే చదువుతుంటే అసలు నిరుద్యోగుల్లోకే రాడు. ఇంట్లో ఖాళీగా కనిపించే కొడుకు ప్రభుత్వం లెక్కలో కనిపించకపోవచ్చు.

గ్రూప్-2 మానేయమని నేను చెప్పను. ఇంకో ప్రయత్నానికి గడువు మీరిద్దరూ కూర్చుని తేల్చుకోండి, అప్రెంటిస్‌గా చేరినా చదువు సాగుతుంది. వాడికి చెప్పకుండా ఎవరికో డబ్బు కట్టి ఉద్యోగం కొనే పని మాత్రం చేయకండి.

జాబ్ మేళాకు వెళ్తే జీతం ఒక్కటే అడిగి వచ్చేయొద్దని చెప్పండి. కంపెనీ పేరోల్ మీదా, కాంట్రాక్టర్ కిందా? పీఎఫ్, ఈఎస్ఐ కడతారా? నరసన్నపేట నుంచి బస్సు ఉందా, లేకపోతే గది అద్దె పోగా చేతికి ఎంత మిగులుతుంది? అన్నీ కాగితం మీద రాసుకుని రమ్మనండి.