పాత ట్రావెల్ ట్రెయిలర్ (బండి వెనక తగిలించి లాగే చక్రాల ఇల్లు) కొని అందులోనే కాపురం పెట్టాలంటే మొదట ఏం చూడాలి?

మీ ప్రశ్న ఇదీ: టెక్సస్‌లో అపార్ట్‌మెంట్ వదిలేసి, పదేళ్ల నాటి 26 అడుగుల ట్రెయిలర్‌లో ఇద్దరూ ఏడాది పొడవునా ఉండాలనుకుంటున్నారు. లాగడానికి హాఫ్-టన్ పికప్ (మామూలు సైజు పికప్ ట్రక్కు) ఉంది. చెప్పేవి చాలా ఉన్నాయి గానీ, సగం సమయం మాత్రం ఒక్కదాని మీదే పెట్టండి: నీళ్లు.

చాలా ట్రెయిలర్ల కప్పులోనూ నేలలోనూ ఉండేది చెక్కే, గోడల్లో కూడా పల్చటి ప్లైవుడ్ ఉంటుంది. కప్పు మీద సీలెంట్ పగిలిన చోటు నుంచి చుక్క చుక్కగా నీరు దిగి లోలోపలే కుళ్లబెడుతుంది. బయటికి కనపడేసరికి పని అయిపోయి ఉంటుంది. అందుకే నిచ్చెన వేసుకుని ముందు కప్పు చూడండి. గాలి వెంట్ల చుట్టూ, ఏసీ చుట్టూ, నాలుగు అంచుల్లో సీలెంట్ పగుళ్లు లేకుండా ఉండాలి. ఎక్కడైనా సిలికాన్ పూసి ఉంటే అనుమానించండి. దాని మీద వేరే సీలెంట్ అతుక్కోదు, మొత్తం గీకి తీయాల్సిందే.

లోపల నాలుగు మూలలు, కిటికీల కింద, పై అరల్లో వెనక గోడ, షవర్ పక్క గోడ, స్లయిడ్-అవుట్ (బయటికి జరిగే గది భాగం) దగ్గర నేల బొటనవేలితో నొక్కుతూ పోండి. మెత్తగా దిగితే కుళ్లినట్టే. రెండు సూదులుండే తేమ మీటరు ఒకటి కొనుక్కెళ్లండి. పొడిగా ఉన్న చోట 15 శాతం లోపు చూపిస్తుంది, 20 దాటితే తడి ఉన్నట్టు. తర్వాత బయట గోడకి కన్ను ఆనించి పొడుగునా చూడండి. ఫైబర్‌గ్లాస్ ఉబ్బి కనిపిస్తే లోపల పొరలు విడిపోయాయని అర్థం. ధర ఎంత తగ్గించినా దాన్ని వదిలేయండి, బాగు చేయించే ఖర్చు ట్రెయిలర్ ధరతో పోటీ పడుతుంది.

ఇక బరువు. బ్రోచర్‌లో ఉండే ఖాళీ బరువు మీకు పనికిరాదు. కాపురం పెట్టినవాళ్లు సామానుతో గరిష్ఠ పరిమితి దాకా నింపేస్తారు, కాబట్టి ట్రెయిలర్ స్టిక్కర్ మీది జీవీడబ్ల్యూఆర్‌తోనే (సామానుతో సహా ఉండదగ్గ గరిష్ఠ బరువు) లెక్క వేయండి. అది 7,000 పౌండ్లయితే అందులో సుమారు 13 శాతం, అంటే 910 పౌండ్లు, పికప్ హిచ్ (ట్రెయిలర్‌ని తగిలించే కొక్కెం) మీద పడుతుంది. పికప్ డ్రైవర్ తలుపు దగ్గర పసుపు స్టిక్కర్‌లో పేలోడ్ (పికప్ మోయగల బరువు) 1,600 ఉంటే మిగిలేది 690. అందులోంచే మీ ఇద్దరి బరువు, హిచ్ సామాను, వెనక పెట్టే పెట్టెలు అన్నీ పోవాలి. 40 గ్యాలన్ల మంచినీళ్లే 330 పౌండ్లు తూగుతాయి, అవి ట్రెయిలర్ పరిమితిలోకి వస్తాయి.

ఫ్రిజ్‌ని ముందు రోజే ఆన్ చేసి ఉంచమని అమ్మేవాళ్లకి చెప్పండి. గ్యాస్ మీదా కరెంటు మీదా నడిచే రకం చల్లబడడానికి గంటలు పడుతుంది, అప్పటికప్పుడు పరీక్షించలేం. వెనక అమ్మోనియా వాసన, పసుపు మరకలు ఉంటే కూలింగ్ యూనిట్ పోయినట్టే. మంచినీళ్ల ట్యాంకు నింపి పంపు వేసి కుళాయిలన్నీ కట్టేయండి. పంపు ఉండుండి దానంతటదే ఆడుతుంటే ముందు ఎక్కడో లీకేజీ ఉందనుకుని వెతకండి. టైరు మీద డీఓటీ కోడ్‌లో చివరి నాలుగంకెలు 2317 అంటే 2017లో 23వ వారం. టైరు గాడులు అరక్కుండా బాగున్నా ఆరేళ్లు దాటినవి మార్చాల్సిందే, ఆ డబ్బు బేరంలో తగ్గించుకోండి.

30 యాంపుల కనెక్షన్ అంటే 3,600 వాట్లు. ఏసీ, మైక్రోవేవ్, కరెంటు హీటరు ఒకేసారి వేస్తే బ్రేకర్ పడుతుంది. ఎండాకాలం అక్కడే ఉండేట్టయితే నీడ ఉన్న చోటు వెతుక్కోండి. బ్లాక్ ట్యాంకు (టాయిలెట్ మురుగు ట్యాంకు) వాల్వు ఎప్పుడూ తెరిచి ఉంచొద్దు. నీళ్లు పోయి గట్టిది మిగిలి కుప్పగా పేరుకుంటుంది. మూడింట రెండు వంతులు నిండాక ఒక్కసారిగా వదలండి.

మన వంటకి ఒక మాట. కుక్కర్ ఆవిరి, పోపు నూనె పొగ అంత చిన్న గదిలో గోడలకే పడతాయి, తేమ బూజుగా మారుతుంది. పొయ్యి వెలిగించినంతసేపూ కప్పు ఫ్యాను, ఒక కిటికీ తెరిచి ఉండాలి. ఇది కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకి కూడా జాగ్రత్తే. దాన్ని పసిగట్టే డిటెక్టర్ వెనక గడువు తేదీ చూడండి.

కొనే ముందే మీరు ఉండబోయే ట్రెయిలర్ పార్కుకి ఫోన్ చేయండి, కొన్ని చోట్ల పదేళ్లు దాటిన ట్రెయిలర్లని రానివ్వరు. హెచ్1బీ మీద ఉన్నవాళ్లయితే మారిన పది రోజుల్లో ఏఆర్-11లో (ఇమిగ్రేషన్ శాఖకి చిరునామా మార్పు తెలిపే ఫారం) కొత్త చిరునామా ఇవ్వాలి. ఇంటి నుంచి పనిచేస్తూ వేరే మెట్రో ప్రాంతానికి ట్రెయిలర్ మార్చే ముందు కంపెనీ లాయర్‌ని అడగండి, సవరించిన పిటిషన్ అవసరం పడొచ్చు.