అత్తగారి అక్క కొడుకు నాకేమవుతాడు?

*పెళ్ళయి మూడు నెలలైంది. వచ్చిన ప్రతి చుట్టాన్నీ ఏమని పిలవాలో తెలియక "మీరు" అంటూ నెట్టుకొస్తున్నాను. నిన్న మా అత్తగారి అక్క కొడుకు వచ్చారు. ఆయన నాకేమవుతారు? అసలు వరసలు కలపడానికి సూత్రమేదైనా ఉందా?*
— కొత్త కోడలు, తెనాలి

అక్కాచెల్లెళ్ళ పిల్లలు ఒకరికొకరు అన్నదమ్ములు. కాబట్టి ఆయన మీవారికంటే పెద్దయితే మీకు బావగారు, చిన్నయితే మరిది. వయసు అడగడం బాగోదనిపిస్తే మీవారు ఆయన్ని "అన్నయ్యా" అంటున్నారో, "ఒరేయ్" అంటున్నారో ఓ చెవి వేసి వినండి.

సూత్రం ఉంది. చుట్టరికం కలిసేది పెద్దవాళ్ళ ద్వారా. అందుకని ముందు ఇటువైపు అమ్మో నాన్నో ఒకరిని, అటువైపు అమ్మో నాన్నో ఒకరిని పట్టుకుని, ఆ ఇద్దరూ ఒకరికొకరు ఏమవుతారో తేల్చుకోవాలి. ఇద్దరూ అన్నదమ్ముల వరసో, అక్కాచెల్లెళ్ళ వరసో అయితే వాళ్ళ పిల్లలు కూడా తోబుట్టువుల వరసే. ఆ ఇద్దరూ అన్నాచెల్లెళ్ళో, అక్కాతమ్ముళ్ళో అయితే పిల్లలకు బావామరదళ్ళ వరస. ఇంతవరకూ ఎవరినడిగినా చెబుతారు.

జనం తడబడేది ఆ పెద్దవాళ్ళిద్దరూ తోబుట్టువుల వరస కానప్పుడు. ఇద్దరూ మగవాళ్ళై బావాబావమరుదులైనా, ఇద్దరూ ఆడవాళ్ళై వదినామరదళ్ళైనా పిల్లలు బావామరదళ్ళు. ఒకరు మగ, ఒకరు ఆడ అయి బావామరదళ్ళ వరసైతే మాత్రం పిల్లలు అన్నాచెల్లెళ్ళు! ఉదాహరణకు, మీ నాన్నగారి మేనమామ కూతురు ఆయనకు మరదలు, మీకు పిన్ని. ఆవిడ కొడుకు మీకు అన్నో తమ్ముడో అవుతాడు. "వరసైనవాడేగా" అని సంబంధం కలపబోతే పెద్దవాళ్ళు నాలుక కరుచుకునేది ఇక్కడే. ఎంత దూరపు చుట్టమైనా తాతల తరంలో మొదలుపెట్టి, ఒక్కో మెట్టు దిగుతూ ఇదే ప్రశ్న వేసుకుంటూ రండి. మధ్యలో మెట్టు వదిలేస్తే మామ కాస్తా బాబాయి అయిపోతాడు. మీరు కోడలు కనక ముందు మీవారి వరస కట్టి, ఆ తర్వాత మీ వరసలోకి మార్చుకోవాలి.

ఈ లెక్కంతా తారుమారయ్యేది అక్క కూతుర్ని చేసుకున్న ఇళ్ళలో. ఆ పెళ్ళికొడుక్కి అక్కే అత్తగారు, మేనల్లుడే బావమరిది. వాళ్ళకు పుట్టిన పాపకు ఆ అక్కగారు అటు మేనత్త, ఇటు అమ్మమ్మ. పెళ్ళినాడు వరుడి అక్కగా తనకు రావలసిన ఆడపడుచు లాంఛనాలు వధువు తల్లిగా తానే ఇచ్చుకోవాలి, తక్కువయ్యాయని అలగడానికీ దారుండదు. 1955 హిందూ వివాహ చట్టం మేనమామ, మేనకోడలు బంధుత్వాన్ని నిషిద్ధాల్లో చేర్చి, ఆచారం ఉన్నవాళ్ళకు మినహాయింపునిచ్చింది. పిలుపుల సంగతి మాత్రం మనకే వదిలేసింది. అలాంటి ఇళ్ళలో పెద్దవాళ్ళు సాధారణంగా పెళ్ళికి ముందున్న పిలుపు మార్చుకోరు. పాపకు అమ్మమ్మే అలవాటవుతుంది. మేనత్త అనే వరస శుభలేఖ వేయించేటప్పుడు ఎవరికో గుర్తొస్తుంది.

*పెళ్ళానికి మొగుడు ఒక్కడే కదా, "మా ఆవిడ" అనడమేమిటి? "నా ఆవిడ" అనాలి గదా!*
— వ్యాకరణప్రియుడు, వరంగల్

అనండి, ఎవరూ అడ్డుకోరు, వినడానికి మాత్రం ఎబ్బెట్టుగా ఉంటుంది. ఇల్లు, ఊరు, ఇంట్లో మనుషులు అనేసరికి తెలుగులో "మా" వస్తుంది: మా అమ్మ, మా ఊరు, మా ఆయన. అక్కడ మాట్లాడేవాడు తన ఒక్కడి తరఫున గాక ఇంటి తరఫున మాట్లాడుతున్నాడు. చేతిలోని కలానికి "నా" చాలు. "భార్య" లాంటి కాస్త పుస్తకాల మాటకు "నా" అతుకుతుంది, "ఆవిడ"కు అతకదు. అయితే ఎంత చనువున్నా పక్కవాడితో "మన ఆవిడ" అనకండి. ఎందుకో కింది జవాబులో ఉంది.

*మావారు స్నేహితుడికి ఫోన్ చేసి "రేపు మనం సినిమాకు వెళ్తున్నాం" అన్నారు. ఆయన భార్యాపిల్లలతో సహా దిగారు. టిక్కెట్లు రెండే కొన్నాం. తప్పెవరిది?*
— పేరు వద్దు, విశాఖపట్నం

మీవారిదే. "మనం"లో వినేవాడు కూడా ఉంటాడు, "మేం"లో ఉండడు. హిందీలోని "హమ్"కు, ఇంగ్లీషులోని "వుయ్"కు ఈ తేడా లేదు. తమిళంలో ఉంది, మరాఠీలోనూ ఉంది. ఇంగ్లీషు బడిలో చదివే పిల్లలు పొరుగింటావిడతో "మనం కొత్త కారు కొన్నాం" అనేది అందుకే. ఆవిడ వాటా అడగకపోవడం ఆవిడ మంచితనం.

పిల్లలకు వ్యాకరణం చెప్పక్కర్లేదు. "మనం" ఉన్నచోట "నువ్వూ నేనూ" పెట్టి చూడమనండి. "నువ్వూ నేనూ కొత్త కారు కొన్నాం" అంటే అబద్ధమని వాళ్ళకే తెలుస్తుంది, అప్పుడు "మేం" అనాలి. ఈ పరీక్ష ఆఫీసుల్లో మాత్రం పనిచేయదు. పైఅధికారి "ఈ ఫైలు మనం రేపటికల్లా పూర్తిచేయాలి" అంటే అందులో ఆయన ఉండడు, మీరొక్కరే ఉంటారు.

*"కాఫీ గీఫీ ఏమన్నా తాగుతావా?" అంటే విదేశం నుంచి వచ్చిన మా చెల్లెలి కొడుకు "గీఫీ ఇవ్వు పెద్దమ్మా" అన్నాడు. ఈ గీఫీ ఎక్కడిది?*
— పెద్దమ్మ, రాజమహేంద్రవరం

ఏ మాటకైనా అప్పటికప్పుడు తయారుచేసుకునే తోక ఇది. మాటలోని మొదటి అక్షరం తీసేసి ఆ చోట "గి" పెట్టాలి. మొదటి అక్షరం దీర్ఘమైతే "గీ". పులి గిలి, పెళ్ళి గిళ్ళి, కాఫీ గీఫీ, పాలు గీలు. మాట అచ్చుతో మొదలైనా సూత్రం అదే: అన్నం గిన్నం, ఇల్లు గిల్లు. హిందీవాళ్ళు ఇదే పని "వ"తో చేస్తారు, చాయ్ వాయ్ అంటారు.

దీనికి అర్థం రెండు రకాలు. అడిగేటప్పుడు "కాఫీ గానీ, అలాంటిది ఇంకేదైనా గానీ" అని. కాబట్టి ఇంట్లో కాఫీ తప్ప మరేమీ లేనప్పుడు గీఫీ జోలికి పోకూడదు, టీ అడిగితే ఇరుక్కుంటారు. కాదనేటప్పుడు అదే తోక తీసిపారేయడానికి పనికొస్తుంది: "ప్రేమా లేదు గీమా లేదు." అందుకే మనుషుల పేర్లకు, వరసలకు దీన్ని తగిలించకూడదు. "మామయ్యా గీమయ్యా" అంటే ఆ మామయ్య మళ్ళీ గడప తొక్కడు.

ఈ సూత్రం బోల్తాపడే చోటు "గిన్నె". మొదటి అక్షరం తీసి "గి" పెడితే మళ్ళీ గిన్నే వస్తుంది. అలాంటప్పుడు తోక మానేసి గిన్నే చెంబూ అని వేరే జత కట్టుకోవాలి.

*"ఇస్త్రీ" అన్న మాటలోనే స్త్రీ ఉంది కనక అది ఆడవాళ్ళ పని అని మా తమ్ముడి వాదన. నిజమేనా?*
— అక్క, నెల్లూరు

కాదు. సాగదీయడం అనే అర్థమున్న "ఎస్తిరార్" అనే పోర్చుగీసు మాట నుంచి వచ్చిందది. 1498లో వాస్కో డ గామా కోళికోడు చేరిన తర్వాత ఆ భాష మాటలు మన ఇళ్ళలోకి చాలానే వచ్చాయి. అలమార, బొత్తాం, మేస్త్రీ, పీపా, అనాస, బొప్పాయి అన్నీ ఆ దారిన వచ్చినవే. మీ తమ్ముడు పొరబడడానికి కారణం లేకపోలేదు. మాట మొదట్లో "స్"కు మరో హల్లు తగిలితే తెలుగు నోరు ముందొక "ఇ" తెచ్చుకుంటుంది. స్కూలు ఇస్కూలైనట్టే స్త్రీ కూడా ఇస్త్రీ అవుతుంది. రెండూ ఒకేలా వినబడేది అందుకు, చుట్టరికం ఏమీ లేదు.

ఎలాగూ తేలింది కనక తమ్ముడికి పని కూడా నేర్పండి. నూలు చొక్కా కాస్త చెమ్మగా ఉండగానే మొదలుపెట్టాలి. ముందు కాలరు, లోపలివైపు నుంచి. తర్వాత భుజాలు, చేతుల పట్టీలు, చేతులు, ఆఖరికి ఒళ్ళు. పెద్ద భాగం ముందు చేస్తే చేతులు తిప్పేటప్పుడు అది మళ్ళీ నలుగుతుంది.

*నాకు పన్నెండణాల తెలివి ఉందని మా నాన్నగారు అన్నారు. తిట్టా, పొగడ్తా?*
— డిగ్రీ విద్యార్థి, అనంతపురం

రూపాయికి 16 అణాలు. 12 అంటే ముప్పావు వంతు, నూటికి 75. పరీక్షలో అయితే ఫస్టుక్లాసే. తండ్రులు అన్నప్పుడు మిగతా నాలుగణాలు ఎక్కడ పోయాయన్నదే ప్రశ్న. పదహారణాల తెలుగుపిల్ల అన్నా ఈ లెక్కే, ఏ లోటూ లేని నిండు రూపాయి అని.

1957 ఏప్రిల్ 1న రూపాయికి 100 పైసలు వచ్చాయి. అణాకు ఆరుంపావు పైసలు, రెండణాల బేడకు పన్నెండున్నర పైసలు. ఈ లెక్కలు తెగవు కనక ఆ పేర్లు వాడుకలోంచి జారిపోయాయి. పావలాకు సరిగ్గా 25, అర్ధరూపాయికి 50 కుదిరాయి గనక అవి నిలిచాయి. 2011 జూన్ 30తో 25 పైసల నాణెం కూడా చెల్లకుండా పోయింది. "నాలుగో పావలా తక్కువ" అన్న తిట్టు మాత్రం ఇప్పటికీ చెల్లుతోంది.

*"బియ్యం నిండుకున్నాయి" అని ఫోన్‌లో చెబితే మావారు "మంచిదే" అని వట్టి చేతులతో వచ్చారు. నేనన్నది తప్పా?*
— గృహిణి, ఖమ్మం

మీరు సరిగ్గానే అన్నారు. ఇంట్లో "లేవు" అనడం అశుభమని పుట్టిన నుడి అది. దీపం ఆరిపోతే కొండెక్కిందంటారు, మంగళసూత్రం తెగితే పెరిగిందంటారు, వెళ్తూ వెళ్తూ "వెళ్ళొస్తాను" అంటారు. అన్నీ ఆ కోవలోవే.

గుర్తు సులభం. డబ్బా "నిండింది" అంటే అందులో సరుకుంది. సరుకు "నిండుకుంది" అంటే డబ్బా ఖాళీ. మీవారికి ఈ తేడా తలకెక్కేదాకా ఫోన్‌లో శుభాశుభాలు పక్కన పెట్టి "బియ్యం ఐదు కిలోలు" అని రాసి పంపండి.

*మావారిది కరీంనగర్, నాది కడప. ఆయన "అవ్వను పిలువు" అంటే మా నాయనమ్మను పిలిచాను. ఆయనకు కోపమొచ్చింది.*
— కొత్త జంట, హైదరాబాద్

ఆయన పిలవమన్నది వాళ్ళమ్మను. తెలంగాణ ఊళ్ళలో చాలాచోట్ల అవ్వంటే అమ్మ. మీ వైపు అవ్వంటే నాయనమ్మో అమ్మమ్మో. "అబ్బ" సంగతి కూడా ఇప్పుడే మాట్లాడుకోండి. ఒకచోట తండ్రి, ఇంకోచోట తాత, మిగతాచోట్ల కాలికి రాయి తగిలినప్పుడు అనే మాట.