హాస్పిటళ్లు డిజైన్ చేయడం కూడా ఒక కెరీరేనా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. పోయిన వేసవిలో మా అత్తగారికి తుంటి ఆపరేషన్ అయితే పది రోజులూ తనే తోడుంది. అప్పటినుంచి "నేను హాస్పిటళ్లు డిజైన్ చేస్తాను" అంటోంది. ఆ వార్డు ప్లాను గీసి, తప్పులున్న చోటల్లా ఎర్ర పెన్నుతో గుర్తులు కూడా పెట్టింది. వాళ్ల నాన్నగారేమో కంప్యూటర్ సైన్సే అంటున్నారు. అసలు ఇలాంటి కెరీర్ ఉందా? ఉంటే ఏం చదవాలి?
– ఒక తల్లి, తెనాలి

సమాధానం: ఉందమ్మా. దాన్ని హెల్త్‌కేర్ ఆర్కిటెక్చర్ అంటారు. కోర్సుల సంగతికి వెళ్లేముందు ఆ ఎర్ర పెన్ను గుర్తుల గురించి మాట్లాడాలి, ఎందుకంటే మీ అమ్మాయి ఈ పనికి సరిపోతుందని నాకు అనిపించింది అక్కడే.

కొన్నేళ్ల క్రితం మా నాన్నగారిని ఒక హాస్పిటల్లో చేర్చాం. గది బాగానే ఉంది, ఏసీ, టీవీ అన్నీ ఉన్నాయి. బాత్రూమ్‌కి మాత్రం రెండంగుళాల గడప, తలుపేమో లోపలికి తెరుచుకుంటుంది. సెలైన్ స్టాండు చక్రాలు ఆ గడప దగ్గర ఆగిపోయేవి, ఒక చేత్తో నాన్నని పట్టుకుని రెండో చేత్తో స్టాండు ఎత్తి లోపల పెట్టేవాణ్ణి. మూడో రోజు తెల్లవారుజామున నన్ను నిద్ర లేపడం ఎందుకని ఆయనొక్కరే వెళ్లారు, కళ్లు తిరిగి తలుపుకి అడ్డంగా పడిపోయారు. నెడితే తలుపు ఆయనకే తగులుతోంది. వార్డు బాయ్ సందులోంచి చెయ్యి పెట్టి ఆయన్ని కొంచెం కొంచెంగా పక్కకి జరిపేదాకా నేను బయట నిలబడి ఆయన మూలుగు వింటూ ఉండిపోయాను. సిస్టర్ల తప్పేమీ లేదు, పిలవగానే పరిగెత్తుకొచ్చారు. గడప లేకుండా, తలుపు బయటికి తెరుచుకునేలా కట్టినా పెద్దగా ఖర్చు పెరిగేది కాదు. ప్లాను గీసినవాళ్లకి స్టాండు పట్టుకుని అడుగులో అడుగేసుకుంటూ వెళ్లే మనిషి గుర్తుకు రాలేదు. మీ అమ్మాయికి మాత్రం అలాంటి మనిషి పది రోజులూ కళ్ల ముందే ఉంది, అదే కాగితం మీద పెట్టింది.

ఇది గోడలకి మంచి రంగులు వేసే పని అని అమ్మాయి నాన్నగారు అనుకుంటుంటే ఈ విషయం చెప్పండి. 1984లో రోజర్ ఉల్రిచ్ అనే ఆయన 'సైన్స్' అనే పత్రికలో ఒక చిన్న పరిశోధన ప్రచురించారు. అమెరికాలో పెన్సిల్వేనియాలోని ఒక హాస్పిటల్లో పిత్తాశయం ఆపరేషన్ అయిన పేషెంట్ల రికార్డులు తీసి, కిటికీలోంచి చెట్లు కనిపించిన 23 మందిని, ఇటుక గోడ కనిపించిన 23 మందిని పోల్చి చూశారు. చెట్లు కనిపించినవాళ్లు సగటున 7.96 రోజుల్లో ఇంటికెళ్తే, గోడ కనిపించినవాళ్లకి 8.70 రోజులు పట్టింది. చెట్లు కనిపించినవాళ్లకి ఘాటైన నొప్పి మందులు కూడా తక్కువే పడ్డాయి. మన దగ్గర మదురై అరవింద్ కంటి ఆసుపత్రి ఉంది, 1976లో 11 పడకలతో మొదలైంది. అక్కడ ఒకే థియేటర్‌లో రెండు టేబుళ్లు పక్కపక్కన ఉంటాయి. డాక్టర్ ఒకరికి ఆపరేషన్ చేస్తుంటే రెండో టేబుల్ మీద తర్వాతి పేషెంట్‌ని సిద్ధం చేస్తారు, మైక్రోస్కోప్ అటు తిప్పుకుంటే చాలు. డాక్టర్ టైమ్ వృథా కాదు, పేషెంట్లు వరండాల్లో పడిగాపులు పడక్కర్లేదు. గదిలో ఏది ఎక్కడుండాలో ఆలోచించి పెట్టడం కూడా డిజైనే.

ఇంకా చాలా ఉంటుందమ్మా ఇందులో. ఆపరేషన్ థియేటర్‌లో గాలి లోపలినుంచి బయటికే వెళ్లాలి, అదే టీబీ పేషెంట్ గదిలో గాలి కారిడార్‌లోకి రాకూడదు. చేతులు కడుక్కునే సింక్ మలుపు తిరిగాక ఎక్కడో ఉంటే హడావుడిలో ఎవరూ వెళ్లరు. గ్లవ్స్, సిరంజిలు వార్డు చివర స్టోర్‌లో ఉంటే రాత్రి డ్యూటీ సిస్టర్‌కి సగం రాత్రి నడకలోనే పోతుంది. పైగా మన హాస్పిటల్లో పేషెంట్ ఒక్కరే ఉండరు కదా, అటెండర్ ఉంటారు, క్యారియర్, ఫ్లాస్కు, చెప్పులు, చాప ఉంటాయి. రాత్రి రెండు మంచాల మధ్య నేల మీద పడుకున్న మనిషిని దాటుకుంటూనే సిస్టర్ ఇంజెక్షన్ ఇవ్వడానికి వస్తుంది. విదేశీ పుస్తకాల్లోని ప్లాను తెచ్చి మన ఊళ్లో కట్టేస్తే ఆ అటెండర్‌కి చోటే ఉండదు. ఇది బాగుపడాలంటే ఆ చాప మీద పడుకున్నవాళ్లే వచ్చి గీయాలి.

ఇక చదువు. ఎంపీసీ కాబట్టి ఇబ్బంది లేదు, మ్యాథ్స్ లేకపోతే బీఆర్క్, అంటే ఆర్కిటెక్చర్ డిగ్రీ, కుదరదు. ఐదేళ్ల కోర్సు. నాటా అనే ఆర్కిటెక్చర్ ప్రవేశ పరీక్ష రాయాలి, జేఈఈ మెయిన్‌లో బీఆర్క్ పేపర్ కూడా రాయాలి. అప్లికేషన్‌లో ఆ పేపర్‌ని విడిగా ఎంచుకోవాలి, చాలామంది పిల్లలు బీటెక్ పేపర్ ఒక్కటే టిక్ చేసి తర్వాత బాధపడతారు. మీకు దగ్గర్లోనే విజయవాడలో ఎస్‌పీఏ (స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్) ఉంది, కేంద్ర సంస్థ, అక్కడ సీటు జేఈఈ ర్యాంకుతోనే. విశాఖలో ఆంధ్ర యూనివర్సిటీలోనూ బీఆర్క్ ఉంది. ప్రైవేట్ కాలేజీ అయితే కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ గుర్తింపు ఉందో లేదో చూశాకే ఫీజు కట్టండి. 1972 చట్టం ప్రకారం ఆ కౌన్సిల్‌లో రిజిస్టర్ అయితేనే ఆర్కిటెక్ట్ అని చెప్పుకోవచ్చు. బీఆర్క్‌లో హాస్పిటల్ గురించి చెప్పేది కొంచెమే, అందుకే ప్రాక్టికల్ ట్రైనింగ్ హాస్పిటళ్లు కట్టే ఆఫీసులో చేసి, చివరి ఏడాది థీసిస్ కూడా అదే టాపిక్ తీసుకోవాలి. ఆ తర్వాత కావాలంటే ఢిల్లీ జామియా మిల్లియాలో హెల్త్‌కేర్ ఆర్కిటెక్చర్‌లోనే ఎంఆర్క్ ఉంది. ఒకవేళ గీయడం కన్నా మెషీన్ల మీద ఇష్టం ఉంటే బయోమెడికల్ ఇంజినీరింగ్, నడిపించడం మీద ఇష్టం ఉంటే డిగ్రీ అయ్యాక హాస్పిటల్ అడ్మినిస్ట్రేషన్. మీరు రాసినదాన్ని బట్టి అమ్మాయికి ఇష్టం గీయడమే.

నాన్నగారి టెన్షన్ తప్పు కాదు. మొదటి మూడు నాలుగేళ్లు జీతం సాఫ్ట్‌వేర్ పిల్లలతో పోలిస్తే తక్కువే ఉంటుంది, ఆఫీసులో రాత్రిళ్లు కూర్చోవాల్సి వస్తుంది. ఇది అమ్మాయికి ఇప్పుడే చెప్పండి. తెలిసి కూడా ఇదే కావాలంటే ఆపకండి.

ఫైనల్ పరీక్షలు అయిపోయాక ఒక పని చేయించండి. మీ ఊళ్లో పెద్దాసుపత్రి సూపరింటెండెంట్ గారిని అడిగి, రెండు పూటలు ఓపీలో కూర్చోనివ్వమనండి. పేషెంట్ల ఫొటోలు వద్దు, నోట్‌బుక్ చాలు. ఒక ముసలాయన చీటీ దగ్గర మొదలుపెట్టి మందులు తీసుకుని గేటు దాటేదాకా ఎన్నిచోట్ల నిలబడ్డాడో, ఎన్నిసార్లు దారి అడిగాడో రాసుకోమనండి. సిస్టర్‌కి తీరికైనప్పుడు "ఇక్కడ ఏది మారిస్తే మీ పని తగ్గుతుంది?" అని అడగమనండి, ఆవిడ చెప్పేది చాలా పుస్తకాల్లో దొరకదు. వీలైతే నాన్నగారిని కూడా ఒక పూట తోడు పంపండి.

ఆ వార్డు ప్లాను కాగితం మాత్రం మడతలు పడకుండా ఫైల్లో పెట్టండి. ట్రైనింగ్‌కి వెళ్లేటప్పుడు ఆఫీసులవాళ్లు అంతకుముందు చేసిన పనులు చూపించమంటారు, మొదటి పేజీలో అదే ఉండాలి.