పెద్ద సినిమా మీద రాసే తమ్ముడికి

తమ్ముడూ,

నువ్వు పంపిన మూడు సమీక్షలూ చదివాను. ‘ఆర్ఆర్ఆర్’, ‘కల్కి 2898 ఏడీ’, ‘పుష్ప 2’. మూడూ వరసగా చదివేసరికి ఒక సంగతి బయటపడింది. విజువల్స్ నెక్స్ట్ లెవెల్, కథ రొటీన్, సెకండాఫ్‌లో ల్యాగ్, బీజీఎం అదుర్స్. సినిమా పేరు తీసేసి ఇంకోటి పెట్టినా ఈ మాటలు చక్కగా అతుకుతాయి. నువ్వు చూసిన సినిమా నీ రాతలోకి ఇంకా రాలేదన్నమాట. కోప్పడుతున్నానని అనుకోకు. నీ వాక్యంలో ఊపు ఉంది. లేకపోతే ఇంత పొడుగు ఉత్తరం రాసే ఓపిక నాకు లేదు.

ఈసారి రాయబోయే ముందు ఒక పని చెయ్యి. సినిమాలో అన్నిటికన్నా భారీగా తీసిన సీను ఏదో గుర్తు తెచ్చుకో. ఆ సీనుకి ముందు ఎవరి పరిస్థితి ఎలా ఉంది, తర్వాత ఎలా అయింది, రాసుకో. ఏమీ మారకపోతే ఎంత ఖర్చు పెట్టినా అది దండగ సీనే. మారితే ఏం మారిందో చెప్పడంతోనే నీ సమీక్ష మొదలవ్వాలి.

ఆర్ఆర్ఆర్ ఇంటర్వెల్‌నే తీసుకో. లారీలోంచి పులులతో, జింకలతో పాటు గోండు వీరుడు భీమ్ బ్రిటిష్ గవర్నర్ బంగళాలోకి దూకుతాడు. నువ్వు ‘గూస్‌బంప్స్’ అని రాసి ముందుకెళ్లిపోయావు. అసలు అక్కడ జరిగిందేమిటి? అంతకు కాస్త ముందే పాము కాటుకి మందేసి స్నేహితుడు రామ్‌ని బతికించింది భీమే. తనెవరో, ఎందుకొచ్చాడో ఆ చనువుతోనే చెప్పేశాడు. తాను పోలీసునని రామ్ మాత్రం చెప్పలేదు. ఇప్పుడు ఆ స్నేహితుడే యూనిఫాం వేసుకుని ఎదురొచ్చాడు. మొదట్లో వంతెన దగ్గర ఒకే తాడుకి చెరో వైపు వేలాడి పిల్లాణ్ణి కాపాడినవాళ్లు ఇక్కడ ఒకరి మీద ఒకరు కలబడతారు. అక్కడి నిప్పూ నీళ్లే ఇక్కడా ఉంటాయి. అక్కడ ఆ రెండూ ఇద్దరినీ కలిపాయి, ఇక్కడ విడదీశాయి. జంతువులు జనాన్ని థియేటర్‌కి రప్పిస్తాయి, నిజమే. కానీ ఇంటర్వెల్లో బయటికొచ్చాక కూడా మనసులో మెదిలేది ఆ స్నేహం తెగిపోవడమే. ఆ సీను పనిచేసిందంటే అందుకు. ఈ నాలుగు ముక్కలూ నువ్వు రాసి ఉంటే ‘గూస్‌బంప్స్’ అనే మాట అక్కర్లేకపోయేది.

అదే సినిమాలో ఇతివృత్తం దగ్గరికొస్తే నాకు పేచీ ఉంది. దాని మీద నువ్వు ఒక్క ముక్కా రాయలేదు. సినిమాలో రామ్ అంటే అల్లూరి, భీమ్ అంటే కొమరం భీమ్. అసలు అల్లూరి సీతారామరాజు 1924లో మన్యంలో పోరాడుతూ చనిపోయాడు. కొమరం భీమ్ నిజాం మీద పోరాడి 1940లో జోడేఘాట్‌లో నేలకొరిగాడు. ఇద్దరూ కలిసినట్టు చరిత్రలో ఎక్కడా లేదు. కలిపినందుకు నాకేం అభ్యంతరం లేదు, అది కల్పనని వాళ్లే చెప్పుకున్నారు. నేను చూసేది ఎవరిని ఎక్కడ నిలబెట్టారన్నది. రామ్‌కి ఒక వ్యూహం ఉంది, క్రమశిక్షణ ఉంది, చివర్లో కాషాయం కట్టి విల్లు పట్టగానే ఏకంగా దేవుడి రూపమే వచ్చేస్తుంది. భీమ్‌కి బలముంది, మంచితనముంది. అంతా అయ్యాక ఏం కావాలని అడిగితే చదువు కావాలంటాడు. జెండా మీద ‘జల్ జంగల్ జమీన్’ (నీరు, అడవి, నేల) అని రాసిచ్చేది రామ్. ఆసిఫాబాద్ అడవుల్లో జనం తరతరాలుగా భీమ్ నినాదంగా చెప్పుకునే మాట అది. అతని మాటనే ఇంకొకరి చేత్తో రాయించి అతనికి నేర్పినట్టు చూపించారు. ఆదివాసీ రచయితలు దీన్ని గట్టిగా తప్పుపట్టారు. వాళ్ల మాటలో న్యాయముందని నా అభిప్రాయం. ఇంటర్వెల్ అద్భుతం, ముగింపు అన్యాయం. రెండూ ఒకే సమీక్షలో రాయొచ్చు. ఒకటి రాశానని రెండోదాన్ని మెత్తబరచకు. మూడున్నర రేటింగ్ ఇచ్చేసి రెండిటికీ సర్దిచెప్పడం అసలే వద్దు.

పుష్ప 2 దగ్గర నీకు ఇంకా మంచి అవకాశం ఉండేది. మూడు గంటల ఇరవై నిమిషాల సినిమా. ‘ఎడిటింగ్ ఇంకాస్త షార్ప్‌గా ఉండాల్సింది’ అన్నావు. ఏది తీసెయ్యాలో చెప్పలేదు. నేను చెబుతాను. మొదట్లో జపాన్ రేవులో అంత హంగామాగా తీసిన ఫైట్‌ని తీసేసినా కథలో ఎవరికీ ఏమీ కాదు. అదే జాతర ఎపిసోడ్‌ని తీసెయ్యి, సినిమా కూలిపోతుంది. ఎందుకో చూడు. మొదటి భాగం నుంచీ పుష్ప పుండు ఒక్కటే, తండ్రి ఇంటిపేరు తనకు దక్కకపోవడం. నిశ్చితార్థం రోజున సవతి అన్న వచ్చి నలుగురిలో పరువు తీసింది ఆ విషయంలోనే. ఎర్రచందనం స్మగ్లింగ్, స్మగ్లర్ల సిండికేట్, ముఖ్యమంత్రి తనతో ఫోటో దిగలేదని ముఖ్యమంత్రినే మార్చెయ్యడం, ఇదంతా ఆ పుండు మీద కప్పుకున్న పట్టుబట్ట. గంగమ్మ జాతరలో చీర కట్టి, ఒంటికి నీలం రంగు పూసుకుని నిలబడినప్పుడు అతను కోరుకునేది తనకో ఆడపిల్ల పుట్టాలని. తనను గెంటేసిన ఆ ఇంటి ఆడపిల్ల కోసమే అక్కడ కలబడతాడు. తిరుపతి గంగమ్మ జాతరలో మగవాళ్లు ఆడవేషం కట్టడం నిజంగా ఉన్న మొక్కే కాబట్టి ఆ వేషం పైనుంచి తెచ్చి అతికించినట్టు ఉండదు. వేషం, భక్తి, కోపం, కుటుంబం అన్నీ ఒకే చోట కలిశాయి. చివరికి ‘మొల్లేటి’ అన్న ఆ ఇంటిపేరు దక్కేదాకా ఆ దారి తెగదు. మిగతా సినిమాలో సాగదీత బోలెడుంది, ఆడవాళ్లని చూపించిన తీరు మీద నాకు వేరే గొడవా ఉంది. కానీ అది దారి తప్పిన సినిమా అని మాత్రం ఎవరూ అనలేరు.

ఇంకోటి. పుష్ప చిత్తూరు యాస మీద నువ్వు ఒక్క వాక్యం కూడా రాయలేదు. డబ్బింగ్‌లో చూసినవాళ్లు రాయలేనిది నువ్వు రాయగలవు. ఆ యాస ఎక్కడ నిజంగా పలికింది, ఎక్కడ పంచ్ కోసం సాగింది, అది తెలుగువాడే చెప్పాలి.

కల్కి గురించి తక్కువే చెబుతాను. అందులో బొమ్మే కథ చెబుతుంది. నీళ్లు లేని కాశీ మీద తలకిందులుగా వేలాడే ‘కాంప్లెక్స్’ అనే పెద్ద కట్టడాన్ని చూడగానే ఎవరు ఎవరి నోటి దగ్గరిది లాక్కుంటున్నారో తెలిసిపోతుంది, డైలాగ్ అక్కర్లేదు. కానీ పది లక్షల యూనిట్లు (అక్కడి డబ్బు) కూడబెట్టి ఆ కాంప్లెక్స్‌లోకి పోదామనుకునే హీరో భైరవ మీద ఫస్టాఫ్ అంతా జోకులతో గడిపేశారు. అశ్వత్థామ కనబడ్డప్పుడల్లా సినిమాకి బరువొస్తుంది, భైరవ దగ్గరికి రాగానే తేలిపోతుంది. నువ్వు దీన్ని ‘స్లో స్క్రీన్‌ప్లే’ అన్నావు. స్లో అవడం వేరు, బరువు లేకపోవడం వేరు.

పాత సినిమాలతో పోల్చి కొత్తవాటిని చిన్నబుచ్చే పని పెట్టుకోకు. అది నా వయసువాళ్ల జబ్బు. అయినా 1957 నాటి మాయాబజార్‌లో ప్రియదర్శిని పెట్టె సీను ఒక్కసారి చూడు. ఎవరు తెరిస్తే వాళ్ల మనసులో ఉన్నది కనబడుతుంది. శశిరేఖకి అభిమన్యుడు, రేవతికి నగలు, కృష్ణుడికి శకుని. ఒక్క ట్రిక్ షాట్‌తో ముగ్గురి స్వభావాలూ తెలిసిపోయాయి. గ్రాఫిక్స్ అనే మాట జనం నోట్లో నానకముందే జరిగిన పని అది.

కలెక్షన్ల జోలికి పోకు. పోస్టర్ మీద వేసిన కోట్లు పబ్లిసిటీ వాళ్ల లెక్క, నీ లెక్క కాదు. బడ్జెట్ ఎంతో నీకూ తెలీదు, నాకూ తెలీదు. ‘పెట్టిన ప్రతి రూపాయీ తెర మీద కనిపించింది’ అని ఎవరైనా రాస్తే ఆ మనిషి రూపాయి చూశాడేమో, తెర మాత్రం చూడలేదు. ఫస్ట్ షోకి వెళ్లు, ఈలలు ఎక్కడ పడ్డాయో గమనించు, అదీ సమాచారమే. తర్వాత ఖాళీగా ఉండే మ్యాట్నీకి ఇంకోసారి వెళ్లు. ఈలలు లేనప్పుడు ఏ సీను నిలబడిందో, ఏది నీరుగారిందో తెలుస్తుంది. టికెట్ డబ్బులు నేను పంపిస్తాను, మొహమాటపడకు.

ముందు పుష్ప 2 మీద మళ్లీ రాయి. జాతర ఎపిసోడ్ ఒక్కటే, రెండు పేజీలు, రేటింగ్ లేకుండా. నేను చెప్పినదానికి ఒప్పుకోకపోతే ఎక్కడ ఒప్పుకోవో అదే రాయి. ఆదివారం లోపు పంపగలిగితే మంచిది, ఆ తర్వాత పది రోజులు ఊళ్లో ఉండను.

ఉంటాను,
అన్నయ్య