హావ్‌లాక్ వెళ్తున్న అమ్మడికి

అమ్మడూ,

అండమాన్‌లోని హావ్‌లాక్‌లో డైవ్‌మాస్టర్ కోర్సుకి, అంటే స్కూబా డైవర్లని వెంటపెట్టుకుని తీసుకెళ్లే పని నేర్చుకోడానికి వెళ్తున్నావని వదిన ఫోన్‌లో చెప్పింది. సాయంత్రం దాకా వీధిలో కనిపించినవాళ్లందరికీ గొప్పగా చెప్పుకున్నాను. రాత్రి నిద్ర పట్టలేదు.

గాలి ఎంత మిగిలిందో చూపే గేజ్, జతగా దిగే బడ్డీ సంగతులు అక్కడ నేర్పుతారు. సముద్రంలో లాగే నీటి కరెంట్‌కి ఎదురీదకు. పైకి రాగానే జాకెట్‌లో గాలి నింపుకో, తేలడం కష్టమైతే మునగడానికి కట్టుకున్న వెయిట్లు వదిలెయ్.

నా భయమల్లా పైకి వచ్చాక బోటు దగ్గర్లో లేకపోతే ఏమిటన్నదే. భీమిలి అవతల ఒకసారి నాకదే జరిగింది. అరగంట డైవే కదా అని ఆరెంజ్ బాయ్‌ని, అదే గాలి నింపి బోటువాళ్లకి కనిపించేలా నిలబెట్టే పొడుగాటి గొట్టాన్ని, బోటులోనే, టవల్ కింద వదిలేశాను. కరెంట్ ఎంత దూరం లాగేసిందో తేలాకగానీ తెలీలేదు. అల ఎత్తితే బోటు కనిపిస్తుంది, దింపితే అంతా నీళ్లే. బోటు మనకి కనిపిస్తోంది కాబట్టి వాళ్లకీ మనం కనిపిస్తాం అనుకుంటాం. తడిసిన నల్ల తల సముద్రంలో ఎంతమ్మా, కొబ్బరికాయంత! బోటు నూటయాభై మీటర్ల దూరంలోంచే వెళ్లింది. ఈల ఊదాను. ఆ ఇంజన్ మోతలో నా ఈల నాకే వినపడలేదు. డ్రైవర్ ఒకసారి లేచి నిలబడి చూసి, బోటు తిప్పుకుని వెళ్లిపోయాడు. ఆ చప్పుడు సన్నబడుతూ పోవడం ఇప్పటికీ చెవిలో ఉంది.

నా జతగాడు కాలికున్న పసుపు రంగు ఫిన్ (ఈత రెక్క) విప్పి పైకెత్తి పట్టుకున్నాడు. రెండు గంటలు, ఇద్దరం చేతులు మార్చుకుంటూ. వేట నుంచి వస్తున్న మరబోటువాళ్లు అది చూసి వచ్చారు. మీ పిన్నికి ఆలస్యమైందని మాత్రమే చెప్పాను. నువ్వూ చెప్పకు.

అందుకే బాయ్ ఎప్పుడూ జాకెట్‌కే ఉండాలి. ఆరడుగులది పంపుతున్నాను. కింది కొస పట్టి లాగి ఉంచితేనే నిటారుగా నిలుస్తుంది, వదిలేస్తే నీళ్ల మీద పడుకుంటుంది. ఎండలో మెరిపించి చూపడానికి అద్దం, చీకట్లో మెరిసే లైటు కూడా దగ్గర ఉంచుకో. డబ్బు కూడాక ఆపదలో ఉపగ్రహానికి సంకేతం పంపే 406 మెగాహెర్ట్జ్ బీకన్ కొనుక్కో. నీ పేరున రిజిస్టర్ చేయించి, లోతుకి తట్టుకునే డబ్బాలో పెట్టు. ఒడ్డున ఉండేవాళ్లకి కోస్ట్ గార్డ్ నంబరు 1554 చెప్పి వెళ్లు.

1998లో ఆస్ట్రేలియాలో గ్రేట్ బారియర్ రీఫ్ దగ్గర ఒక అమెరికన్ జంటని నీళ్లలోనే వదిలేసి బోటు తిరిగొచ్చేసింది. తలలు లెక్కపెట్టడంలో పొరపాటు. రెండు రోజుల దాకా ఎవరూ గమనించలేదు. వాళ్లు మళ్లీ దొరకలేదు. రేపు ఆ లెక్క నీ చేతిలో ఉంటుంది. పేరు పిలువు, మొహం చూడు, అప్పుడు టిక్కు పెట్టు. దూరం నుంచి వేలితో లెక్కేశావని తెలిసిందా, అక్కడికే వచ్చి చెవి మెలేస్తాను.

పార్సిల్‌లో ఈల మాత్రం నాదే. పంటిగాట్లు ఉంటాయి, కడుక్కుని వాడుకో.

బాబాయ్