ఇంటర్నేషనల్ స్కూల్లో పిల్లల సేఫ్టీ గురించి అడ్మిషన్ టైంలో ఏం అడగాలి?

గల్ఫ్ నుంచి హైదరాబాద్ వచ్చేస్తున్నాం, పాపని థర్డ్ గ్రేడ్‌లో వేయాలి, స్కూల్ వాళ్ళు ప్రతి ఫ్లోర్‌లో కెమెరాలు, బస్సులో జీపీఎస్ చూపిస్తున్నారు, ఇవి సరిపోతాయా అని అడిగారు కదండీ. సరిపోవు. నేను ముందు దోహాలో, తర్వాత ఇక్కడ గచ్చిబౌలి వైపు ఇంటర్నేషనల్ స్కూల్లో ప్రైమరీ టీచర్‌గా చేశాను, ఆ అనుభవంతో చెప్తున్నా. మీరు ముందు అడగాల్సింది ఒకటే, పిల్లకి ఏదైనా ఇబ్బంది వస్తే ఎవరికి చెప్పుకోవాలి, చెప్పాక మీరేం చేస్తారు అని. ఫలానా మేడమ్ మా సేఫ్‌గార్డింగ్ లీడ్, అంటే పిల్లల భద్రత బాధ్యత చూసేవారు, రండి కలుద్దురు గానీ అంటే మంచి స్కూలే. మా దగ్గర అలాంటివి జరగవండీ అన్నారంటే మాత్రం నేనైతే ఇంకో స్కూల్ చూసుకుంటా.

మా క్లాసులో ఒక బాబు ఉండేవాడు, పొద్దున తెచ్చిన వాటర్ బాటిల్ సాయంత్రం అలాగే నిండుగా ఇంటికి పట్టుకెళ్ళేవాడు. నీళ్ళెందుకు తాగట్లేదు నాన్నా అంటే "తాగితే బాత్రూంకి వెళ్ళాలి కదా మిస్" అన్నాడు, అంతే. ఎవరైనా ఏమైనా అన్నారా, కొట్టారా అని మనం మాట అందించకూడదు, ట్రైనింగ్‌లో అదే నేర్పిస్తారు, వాడన్న మాట ఉన్నదున్నట్టు ఫారంలో రాసి టైం వేసి ఆ మధ్యాహ్నమే లీడ్ మేడమ్‌కి ఇచ్చేశా. పెద్ద క్లాసు పిల్లలు తలుపు తోసి ఏడిపిస్తున్నారని తర్వాత తేలింది. బ్రేక్ టైమింగులు మార్చారు, కారిడార్లో ఒక ఆయాని పెట్టారు, కౌన్సెలర్ ఈ బాబుతోనే కాదు ఆ పెద్ద పిల్లలతో కూడా కూర్చున్నారు. బాత్రూంలో కెమెరా ఉండదు కదండీ, ఉండకూడదు కూడా.

ఇంకోటి, టీచర్లని ఎలా తీసుకుంటారో అడగండి. విలియం వాహీ అనే అమెరికన్ టీచర్‌కి 1969లోనే కాలిఫోర్నియాలో పిల్లల్ని లైంగికంగా వేధించిన కేసులో శిక్ష పడింది, అయినా 1972 నుంచి 2014 దాకా దేశం మారుతూ ఇంటర్నేషనల్ స్కూళ్ళలోనే పాఠాలు చెప్పాడు, నికరాగువాలో అతనింట్లో పనిచేసినావిడ తీసుకెళ్ళిన అతని పెన్‌డ్రైవ్‌లో పిల్లల ఫొటోలు దొరికితే గానీ బయటపడలేదు. అందుకే పనిచేసిన ప్రతి దేశం నుంచి పోలీస్ క్లియరెన్స్ తెమ్మంటారా, పాత ప్రిన్సిపాల్‌కి వీళ్ళే ఫోన్ చేస్తారా అని గట్టిగా అడగండి, ఏమీ అనుకోరు. డ్రైవర్లు, ఆయాలు, స్విమ్మింగ్ కోచ్, కాంట్రాక్ట్ మీద వచ్చేవాళ్ళు అందరి గురించీ అడగండి.

స్కూల్ పేరు పోతుందని లోపల్లోపల సర్దేసే వీల్లేదండీ. 2012 పోక్సో చట్టం ప్రకారం పిల్లల మీద లైంగిక వేధింపు జరిగిందని తెలిసినా, జరగొచ్చని అనుమానం వచ్చినా పోలీసులకి చెప్పి తీరాలి, సిబ్బంది చేసింది దాచిపెడితే స్కూల్ నడిపేవాళ్ళకే ఏడాది దాకా జైలు. పాపని స్టేషన్‌కి తిప్పాల్సి వస్తుందేమో అని భయపడకండి, ఇంటికే వచ్చి, యూనిఫాం లేకుండా, వీలైనంత వరకు లేడీ ఎస్సై మాట రాసుకోవాలని చట్టంలోనే ఉంది.

స్కూల్ చూడ్డానికి వెళ్ళినప్పుడు కౌన్సెలర్ రోజూ ఉంటారా, వారానికోసారి వచ్చిపోతారా కనుక్కోండి. పాపకి 1098 నంబర్ నోటికి వచ్చేలా ఇప్పుడే నేర్పించండి, చైల్డ్ హెల్ప్‌లైన్, ఫోన్ ఫ్రీ.